ఆ రోజు తమ్ముడికి ఇస్త్రీ చొక్కా వేశాను

(మానసిక అనారోగ్యంతో ఉన్నవారి కుటుంబాలు కొన్ని సికింద్రాబాద్‌లో నెలకోసారి కలుసుకుంటాయి. అక్కడ ఒక అక్క మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసుకున్నాం. ఆమె కోరిక మీద పేర్లు తీసేశాం.)

నమస్కారమండీ. వికలాంగుల సర్టిఫికెట్, పెన్షన్ ఎట్లా తెచ్చుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను. కానీ కాగితాల కంటే ముందు ఒక చొక్కా సంగతి చెప్పాలి. మా ఇంట్లో అసలు పొరపాటు అక్కడే జరిగింది.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మొదలైంది. ఇప్పుడు వాడికి 39 ఏళ్ళు. నాన్న ఆజామాబాద్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేసి మానేశారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నేను ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను, నా సంసారం నాకుంది. ఐదేళ్ళ కిందట, తమ్ముడికి పెన్షన్ వస్తే కనీసం వాడి మందుల ఖర్చైనా వెళ్తుంది కదా అని మొదటిసారి అప్లై చేశాం.

వైకల్యం ఎంత శాతమో తేల్చే మెడికల్ బోర్డుకు రమ్మన్న రోజు పొద్దున్నే ఐదింటికి వాడిని లేపాను. నాన్న దగ్గరుండి గడ్డం గీశారు. నేను తలకు పోశాను. అమ్మ రాత్రే నీలం చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి పెట్టింది. వారాసిగూడ నుంచి ఆటోలో వెళ్తున్నంత సేపూ వాడికి పాఠం చెప్పాను. డాక్టర్‌గారు అడిగితే గట్టిగా చెప్పు, నీలో నువ్వు గొణుక్కోకు, కాలు ఊపకు, ఆయన మొహం చూసి మాట్లాడు. పెళ్ళిచూపులకు తయారు చేసినట్టు తయారు చేశానండీ వాడిని.

లోపల డాక్టర్‌గారు అడిగారు: "రోజూ స్నానం చేస్తావా?" వీడు "చేస్తాను సార్" అన్నాడు. "ఎవరూ చెప్పకుండానే?" "ఆ, చేస్తాను." "స్నేహితులున్నారా?" "ఉన్నారు సార్." ఆ స్నేహితులు వాడితో మాట్లాడి పదేళ్ళు దాటింది. నన్ను చూశారు డాక్టర్‌గారు. నేనేం చేశానో తెలుసా? నవ్వాను. తమ్ముడు అంత చక్కగా జవాబులు చెప్తుంటే నాకు గర్వంగా అనిపించింది. వాడి పక్కనే కూర్చుని "లేదు సార్, నాలుగు రోజులకోసారి, అది కూడా అమ్మ ఏడిస్తే చేస్తాడు" అని చెప్పడానికి నోరు రాలేదు. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. వైకల్యం 40 శాతం కంటే తక్కువ అని వచ్చింది. 40 లోపు ఉంటే పెన్షన్ లేదు. ఇంటికొచ్చి నాన్న ఆ కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టారు.

నేను మొదట డాక్టర్లను తిట్టుకున్నాను. ఒక ఏడాది గడిచాక ఒక డాక్టరమ్మ తెల్ల కాగితం మీద గీసి చూపిస్తే అర్థమైంది, ఆ మార్కులు ఎట్లా వేస్తారో. ఇది జాగ్రత్తగా వినండి.

మనం అనుకుంటాం, స్కిజోఫ్రీనియా అని చీటీ మీద ఉంటే చాలు కదా, ఇంకేం కావాలి అని. అక్కడ జబ్బు పేరుకు మార్కులు లేవు. దానికి ఐడియాస్ అని ఒక కొలత ఉంది, మన దేశపు సైకియాట్రిస్టుల సంఘం తయారు చేసింది. అందులో నాలుగు విషయాలు చూస్తారు. తన ఒంటిని తను చూసుకోవడం, అంటే స్నానం, బట్టలు, తిండి. మనుషులతో కలవడం. మాట్లాడటం, ఎదుటివాళ్ళు చెప్పేది అర్థం చేసుకోవడం. చివరిది పని, అది ఉద్యోగం కావచ్చు, ఇంటి పని కావచ్చు, చదువు కావచ్చు. ఒక్కోదానికి సున్నా నుంచి 4 వరకు వేస్తారు. ఇబ్బంది ఏమీ లేకపోతే సున్నా, పూర్తిగా ఇంకొకరి మీద ఆధారపడితే 4. వీటికి తోడు జబ్బు ఎన్నేళ్ళ నుంచి ఉందో చూసి ఇంకో మార్కు కలుపుతారు. రెండేళ్ళలోపు అయితే 1, రెండు నుంచి ఐదేళ్ళయితే 2, ఆరు నుంచి పదేళ్ళయితే 3, పదేళ్ళు దాటితే 4. మొత్తం 20. అందులో 7 వస్తే 40 శాతం గీత దాటినట్టు. 14 నుంచి 70 శాతం పైన.

ఇప్పుడు మా వాడి లెక్క చూడండి. స్నానం చేస్తానన్నాడు కాబట్టి సున్నా. మాటలు బాగున్నాయి కాబట్టి సున్నా. మనుషులతో కలవడంలో 1. పని చేయడం లేదు కాబట్టి 2. ఇక జబ్బు ఎన్నేళ్ళ నుంచి? అప్పటికి 14 ఏళ్ళు. కానీ మా ఫైల్లో మూడేళ్ళ చీటీలే ఉన్నాయి. రామ్‌నగర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత ప్రిస్క్రిప్షన్లన్నీ ఒక సంచిలో ఉంటే, చెత్త అనుకుని పాత పేపర్లవాడికి వేసేశాం. వాడి పదకొండేళ్ళ జబ్బు కిలోల లెక్కన అమ్ముడుపోయింది. 4 రావాల్సిన చోట 2 వచ్చింది. మొత్తం 5. ఆ సంచి ఒక్కటి ఉండి ఉంటే అక్కడికక్కడే 7 అయ్యేది. వాడు అవే జవాబులు చెప్పినా సరే.

అందుకే అడుగుతున్నా, పాత చీటీలు పారేయకండి. పారేసినవాళ్ళు కంగారు పడొద్దు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో రోగికి తన వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు ఉంది. నేను పాత క్లినిక్‌కు వెళ్ళాను. మొదట కౌంటర్లో లేవన్నారు. మూడోసారి వెళ్ళినప్పుడు ఆ పెద్ద డాక్టర్‌గారే బయటికొచ్చి, తన రిజిస్టరు తిరగేసి, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు నా దగ్గర వైద్యం చేయించుకున్నాడని లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఒకసారి ఆస్పత్రిలో అడ్మిట్ అయినప్పటి డిశ్చార్జ్ సమ్మరీ మా మేనత్త ఇంట్లో బీరువాలో దొరికింది. తారీఖు ఉన్న ప్రతి ముక్కా పనికొస్తుంది.

ఇక అసలు కష్టం. మళ్ళీ వెళ్దాం అంటే తమ్ముడు ఒప్పుకోలేదు. "వికలాంగుడంటే కాలో చెయ్యో లేనివాడు కదక్కా, నాకు రెండూ ఉన్నాయి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మన ఊళ్ళో చిన్నప్పటి నుంచి వింటున్న మాట ఒకటుంది కదా, ఎవరైనా కొంచెం తేడాగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అంటారు. అక్కడున్నది ఒక ఆస్పత్రి. అక్కడ డాక్టర్లున్నారు, మందులిస్తారు, వేలమంది వెళ్ళి నయం చేసుకుని వస్తారు. దాన్ని తిట్టుగా చేసి పెట్టాం. ఆ తిట్టు వింటూ పెరిగిన పిల్లవాడు, నాకు ఆ ముద్ర వేయించొద్దు అంటే తప్పు వాడిదా?

నేను బలవంతం చేయలేదు. కొన్ని వారాలు ఆ మాటే ఎత్తలేదు. ఒకరోజు నేను చిక్కుడుకాయలు వలుస్తుంటే తనే వచ్చి కూర్చుని అడిగాడు. "ఆ కాగితం మీద పిచ్చి అని రాస్తారా?" నేను ఫోన్లో సర్టిఫికెట్ నమూనా తీసి చూపించాను. మానసిక అనారోగ్యం అని ఉంది. రెండుసార్లు చదివాడు. "డబ్బులు ఎవరి పేరు మీద వస్తాయి?" అన్నాడు. నీ పేరు మీదే, నీ బ్యాంకు అకౌంట్లోనే అన్నాను. "అయితే వస్తాను" అన్నాడు. అంతే. ఇన్నాళ్ళూ బతిమాలుతున్న నాకు తట్టని విషయం అది. వాడికంటూ ఒక రూపాయి లేదు ఇరవై ఏళ్ళుగా. పది రూపాయలకు కూడా చెయ్యి చాపాలి.

ఈసారి నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. వాడికి చెప్పే పెట్టాను, దాచి కాదు. రెండు నెలలు రాశాను. పెద్ద పెద్ద మాటలేం లేవు అందులో. "సోమవారం: పళ్ళు తోముకోమని అమ్మ ఐదుసార్లు చెప్పింది. మధ్యాహ్నం తోముకున్నాడు." "బుధవారం: పాల ప్యాకెట్ తెమ్మంటే వెళ్ళాడు, షాపు దగ్గర ఎవరో నవ్వుతున్నారని తిరిగొచ్చాడు." "శుక్రవారం: రాత్రంతా మేలుకునే ఉన్నాడు." "ఆదివారం: బాబాయి వాళ్ళొస్తే గదిలోంచి రాలేదు. వాళ్ళు వెళ్ళాక వచ్చి అన్నం తిన్నాడు." డాక్టర్‌కు కావాల్సింది ఇదే. "బాగా ఇబ్బందిగా ఉంది సార్" అంటే ఆయన ఏ మార్కు వేయాలి? ఎవరు ఎన్నిసార్లు చెప్తే ఏ పని ఎంతసేపట్లో అయిందో చెప్తే వేయగలడు. మంచి రోజులు కూడా రాశాను. ఒక గురువారం తనే లేచి స్నానం చేసి టీ పెట్టాడు, అదీ రాశాను. అబద్ధం చెప్పి తెచ్చుకునే కాగితం మనకొద్దు. పైగా 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ఊరుకోదు, మోసంతో ఈ లబ్ధి పొందితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉంది.

ఇక్కడ ఒక మాట కటువుగానే అంటాను, ఏమనుకోవద్దు. కొందరు చుట్టాలు సలహా ఇస్తారు, బోర్డుకు వెళ్ళే ముందు పది రోజులు మాత్రలు ఆపేయండి, అప్పుడు జబ్బు బయటికి కనిపిస్తుంది అని. మాకూ చెప్పారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ మందులు ఒక్కసారి ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. మళ్ళీ పాత స్థితికి రావడానికి నెలలు పట్టొచ్చు, కొన్నిసార్లు అంత బాగా రాకపోవచ్చు కూడా. పెన్షన్ కోసం పిల్లవాడిని పణంగా పెట్టకూడదు. మాత్రలు వేసుకుంటూ కూడా వాడు ఏమేం చేసుకోలేకపోతున్నాడో, అదే వైకల్యం. అదే చెప్పండి.

రెండోసారి గడ్డం గీయించలేదు. అంటే కావాలని మాసిన బట్టలు వేయలేదు. వాడు ఎట్లా ఉంటాడో అట్లాగే రమ్మన్నాను. రోజూ వేసుకునే టీషర్టు వేసుకున్నాడు. నేను డాక్టర్‌గారితో ముందే అన్నాను, సార్, వాడి ముందు చెప్పలేనివి ఇందులో రాశాను, కానీ వాడు చదివాడు, వాడికి తెలుసు అని. ఆయన నోట్‌బుక్ తిరగేస్తూ వాడిని అడిగారు, "స్నానం ఎందుకు చేయవు బాబూ?" నేను నేల చూపులు చూస్తున్నాను. వాడు కాసేపు ఆగి చెప్పాడు. "చేయాలని తెలుసు సార్. బకెట్ దగ్గరికి వెళ్తాను. చెంబు పట్టుకుంటాను. నీళ్ళు పోసుకోవడానికి గంట పడుతుంది. ఎందుకో తెలీదు. నిలబడే ఉంటాను. అమ్మ తలుపు కొడుతుంది."

ఇన్నేళ్ళు ఆ తలుపు బయట నిలబడి మేం బద్ధకం అనుకున్నాం. లోపల వాడు చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా తమ్ముడి జబ్బు గురించి నాకు తెలిసిన నిజాల్లో అదే పెద్దది. అది నేను ఒక ఆస్పత్రి వరండా పక్క గదిలో, సర్టిఫికెట్ కోసం వెళ్ళి, తెలుసుకున్నాను.

ఆ రోజు మొత్తం 12 వచ్చింది. 40 శాతం గీత దాటింది.

ఇక కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. వికలాంగుల సర్టిఫికెట్ల కోసం పెట్టే క్యాంపును మనలో చాలామంది ఇంకా సదరం క్యాంపు అంటారు. ఇప్పుడు యూడీఐడీ అని దేశమంతటికీ ఒకే కార్డు. ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, మీసేవలో అడిగినా సాయం చేస్తారు. ఆధార్, ఫోటో, సంతకం కావాలి. మన పిల్లలు తాము సొంతంగా దరఖాస్తు పెట్టుకోలేని స్థితిలో ఉంటే చట్టబద్ధమైన సంరక్షకులు పెట్టొచ్చు. ఫారంలో వైకల్యం రకం దగ్గర మాత్రం కళ్ళు పెట్టుకుని చూడండి. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. అందులో మేధో వైకల్యం, అంటే తెలివితేటలు వయసుకు తగ్గట్టు ఎదగకపోవడం వేరు, మానసిక అనారోగ్యం వేరు. కౌంటర్లో కుర్రాడికి రెండూ ఒకటేలా అనిపిస్తాయి. మనది మానసిక అనారోగ్యం. నిరామయ అని ఒక ఇన్సూరెన్స్ ఉంది, ఎవరో చెప్తే నేనూ పరుగెత్తాను. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకు. మనవాళ్ళకు వర్తించదు. నాకైతే ఇది అన్యాయమనే అనిపిస్తుంది.

మన కేసు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. దాని మీద అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టంలోనే ఉంది. మొదటిసారి మాకు ఈ ముక్క తెలీదు. దేవుడి గూట్లో పెట్టుకుని కూర్చున్నాం.

మానసిక అనారోగ్యానికి చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే పెన్షన్ ఆగిపోయే ప్రమాదం ఉంది. గోడ క్యాలెండర్లో కాదు, ఫోన్లో మూడు నెలల ముందుకు అలారం పెట్టుకోండి.

పెన్షన్ మన రాష్ట్రం వచ్చిన కొత్తలో, 2014లో నెలకు 1,500. 2019లో 3,016 చేశారు, 2023లో 4,016. పేద కుటుంబాలకు మాత్రమే, ఇంట్లో ప్రభుత్వ సర్వీసు పెన్షన్ ఉంటే రాకపోవచ్చు. కేంద్రం ఇచ్చే వాటా 300 రూపాయలు, అది కూడా 80 శాతం వైకల్యం ఉన్న పేదలకు. 300కు ఇవాళ ఏమొస్తుందో మీకు తెలుసు. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళుంటే, పాత పద్ధతిలో కట్టేవాళ్ళకు, ఇలాంటి వాళ్ళను పోషిస్తున్నందుకు 75,000 మినహాయింపు ఉంది, వైకల్యం 80 శాతం గానీ ఆ పైన గానీ ఉంటే 1,25,000.

(సభలోంచి ఒక పెద్దాయన: "అమ్మా, నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి ఏం వస్తుంది?")

బాబాయిగారూ, మీరు ఈ నెలలోనే కదలాలి. జబ్బు వల్ల సొంతంగా సంపాదించుకోలేని సంతానానికి, తల్లిదండ్రుల తర్వాత ఫ్యామిలీ పెన్షన్ జీవితాంతం వస్తుంది. పాతికేళ్ళు దాటినా వస్తుంది. కానీ ఆ వైకల్యం మీరుండగానే ఉందని తేలాలి. మీరు బతికుండగానే సర్టిఫికెట్ తెచ్చి, అబ్బాయి పేరు మీ పీపీఓలో, అంటే మీ పెన్షన్ ఆర్డరు కాగితంలో ఎక్కించుకోండి. సంరక్షకులుగా ఎవరుండాలో కూడా మీరే రాసివ్వండి. అట్లా రాసిస్తే తర్వాత కోర్టు కాగితం తెమ్మని తిప్పకూడదు. 2021లో ఆదాయ పరిమితి కూడా సడలించారు. మీ తర్వాత ఆ అబ్బాయి ఒక్కడే వెళ్ళి, నాకు ఎప్పటి నుంచి బాగాలేదో నిరూపించుకోవాల్సిన పరిస్థితి ఊహించండి. ఎవరు నమ్ముతారు, ఎవరు పక్కన నిలబడతారు? మీటింగ్ అయ్యాక ఉండండి, మీ కాగితాలు నేను చూస్తాను.

(ఒక యువతి: "అక్కా, నాది బైపోలార్. నేను ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాను. సర్టిఫికెట్ తీసుకుంటే తీసేస్తారని భయం.")

తీసేయకూడదమ్మా. 2016 చట్టం 20వ సెక్షన్ అదే చెప్తుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగంలోంచి తీసేయడానికి, హోదా తగ్గించడానికి వీల్లేదు. చేయగలిగిన వేరే పోస్టుకు మార్చాలి. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో, మానసిక వైకల్యంతో ముడిపడిన ప్రవర్తనకు క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టడం వివక్షలో భాగమేనంది. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతాన్ని మనవాళ్ళు ఆటిజం, మేధో వైకల్యం వంటి మరికొందరితో కలిసి పంచుకోవాలి. తక్కువే. కానీ మీరు దాక్కోవాల్సిన పని లేదు. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో మాత్రం మీ ఇష్టం, తొందరపడొద్దు. టెన్షన్‌తో నిద్ర పట్టని రాత్రి ఉంటే 14416కు ఫోన్ చేయండి, అది టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

మొదటి పెన్షన్ పడినప్పుడు తమ్ముడు ఏం చేశాడో చెప్పి ఆపేస్తాను. మెడికల్ షాపుకు నాతో వచ్చాడు. ఎప్పుడూ బయటే నిలబడేవాడు, ఆ రోజు లోపలికొచ్చాడు. చీటీ తనే ఇచ్చాడు. షాపాయన మాత్రలు లెక్కపెట్టి కవర్లో వేస్తుంటే "ఎంతండీ?" అని అడిగాడు. నేను పర్సు తీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇచ్చాడు, చాలాసేపు పట్టింది. వెనక లైన్లో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నారు. నేను విసుక్కోనివ్వండి అనుకున్నాను. చిల్లర జేబులో వేసుకుని, బయటికొచ్చి "ఇంత ఖరీదా అక్కా ఇవి?" అన్నాడు.

వచ్చే నెల ఇదే టైముకు రండి. ఇంట్లో ఉన్న పాత చీటీలు, డిశ్చార్జ్ కాగితాలు, రక్త పరీక్షల రిపోర్టులు అన్నీ తీసుకురండి. చిరిగినా, నూనె మరకలున్నా, తారీఖు కనిపిస్తే చాలు. జిగురు టేపు, ప్లాస్టిక్ కవర్లు నేను తెస్తాను. సంవత్సరాల వారీగా కలిసి సర్దుదాం.